అంబాసిడర్ గ్యాస్కెట్ సెట్టు ఎంజీఏకు వేస్తే: ఆయిల్ ఎక్కడ ఆగుతుంది, ఎక్కడ ఆగదు

ఇంజన్ బోరింగ్ అయింది, క్రాంకు గ్రైండింగ్ అయింది, కొత్త పిస్టన్లు, బేరింగులు పడ్డాయి. బండిలో ఎక్కించి నెల తిరక్కుండానే కింద నల్లటి మరక మొదలైతే మన వైపు చాలామంది చేసే పని ఒకటే. షాపుకెళ్లి ఇంకో గ్యాస్కెట్ సెట్టు, దానితో పాటు ఒక సిలికాన్ ట్యూబు తెచ్చి మళ్లీ విప్పుతారు. ఆ సెట్టును ఎంతవరకు నమ్మొచ్చు, ఆ ట్యూబు ఎక్కడ పూయాలి, ఎక్కడ పూస్తే ఇంజన్‌కే ఎసరు పెడుతుంది అన్నది ఈ సమీక్ష.

బ్రిటన్‌కు చెందిన ఎంజీ కంపెనీ వారి ఎంజీఏ స్పోర్ట్స్ కారు 1955లో 1489 సీసీ ఇంజన్‌తో వచ్చింది. బోరు 73.025 మి.మీ., స్ట్రోకు 88.9 మి.మీ. మన అంబాసిడర్‌లో దశాబ్దాల పాటు తిరిగిన ఓవర్‌హెడ్ వాల్వు పెట్రోల్ ఇంజన్ కూడా ఇదే బీఎంసీ (బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్) బీ-సిరీస్, ఇవే కొలతలు. ఉత్తరపారాలో అంబాసిడర్ తయారీ 2014లో ఆగిపోయింది. అయినా రాజమండ్రి, కాకినాడ లాంటి ఊళ్లలో పాత సరుకు ఉంచే స్పేర్ పార్టుల షాపుల్లో ఓపిగ్గా అడిగితే సెట్టు బయటికొస్తుంది. విదేశాల నుంచి తెప్పించుకునే ఖర్చు, నిరీక్షణ తప్పుతాయి కాబట్టి ఎంజీఏ ఉన్నవాళ్లకు, ఎంజీఏలో అంబాసిడర్ ఇంజన్ ఎక్కించుకున్నవాళ్లకు ఇది నిజంగా పెద్ద వరం.

కొనేటప్పుడే రెండు జాగ్రత్తలు. అంబాసిడర్ డీజిల్ ఇంజన్ కూడా 1489 సీసీయే. "1489 సెట్టు" అని మాత్రమే అడిగితే డీజిల్‌ది చేతిలో పెట్టొచ్చు, కాబట్టి పెట్రోల్ అని నొక్కి చెప్పాలి. రెండోది, 1959 నుంచి ఎంజీఏ 1588 సీసీకి, ఆ పైన 1622 సీసీకి పెరిగింది. ఆ ఇంజన్లకు బోరు పెద్దది, ఈ సెట్టులోని హెడ్ గ్యాస్కెట్ వేయకూడదు. మిగతా ప్యాకింగులు చాలా వరకు సరిపోతాయి, కానీ ప్రతి ఒక్కటీ పాతదాని మీద పరిచి రంధ్రానికి రంధ్రం పోల్చుకున్నాకే వాడాలి.

సెట్టు నాణ్యత విషయానికొస్తే, కాగితం ప్యాకింగులు బాగున్నాయి. మందం సమంగా ఉంటుంది, కోత శుభ్రంగా ఉంటుంది. ఇబ్బందంతా కార్క్ ప్యాకింగులతోనే. సంపు (ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టి), ట్యాపెట్ డోర్లు (బ్లాకు పక్కనుండే రేకు తలుపులు), హెడ్ కవర్ మూడింటికీ కార్కే. షాపులో గోడకు తగిలించి ఏళ్లు గడిచిన సెట్టయితే మన మే నెల ఎండలకు అందులోని తడంతా పోయి కార్క్ కుంచించుకుపోయి ఉంటుంది. సంపు ప్యాకింగు పరిచి చూస్తే ఒక కొసన రంధ్రాలు సరిపోయి రెండో కొసకు వచ్చేసరికి సగం రంధ్రం తప్పుతుంది. దాన్ని లాగి సాగదీసి బోల్టు ఎక్కిస్తే అక్కడే సన్నగా చిట్లుతుంది, ఆయిల్ సరిగ్గా ఆ చిట్లిన చోటే కారుతుంది. పారేయనక్కర్లేదు. గోరువెచ్చని నీళ్లలో పదిహేను, ఇరవై నిమిషాలు నాననిస్తే మళ్లీ పాత కొలతకు వస్తుంది. ఆ తర్వాత రెండు చదునైన చెక్కల మధ్య పెట్టి పైతడి పోయాక బిగించాలి. వంచి చూసినప్పుడు పొడిపొడిగా రాలితే మాత్రం దాని ఆయుష్షు అయిపోయినట్టే. రబ్బరు కలిపిన కార్క్‌తో చేసిన సెట్టు దొరికితే కళ్లు మూసుకుని అదే తీసుకోవాలి. గోదావరి జిల్లాల ఎండకీ, వానాకాలపు తేమకీ అది తట్టుకున్నట్టు మామూలు కార్క్ తట్టుకోదు.

ప్యాకింగు మంచిదైనా అది కూర్చునే రేకు చదునుగా లేకపోతే ఫలితం లేదు. సంపు రేకును ఎన్నోసార్లు గట్టిగా బిగించి ఉంటారు కాబట్టి ప్రతి బోల్టు రంధ్రం చుట్టూ అంచు పైకి ఉబ్బి ఉంటుంది. మందపాటి అద్దం పలక మీద బోర్లిస్తే రంధ్రాల దగ్గర ఆనుతుంది, మధ్యలో వెలుతురు కనిపిస్తుంది. ఇనుప దిమ్మ మీద పెట్టి గుండు సుత్తితో ఆ ఉబ్బుల్ని నెమ్మదిగా దించాలి. బిగింపు 6 పౌండు-అడుగులు, అంటే దాదాపు 8 న్యూటన్ మీటర్లు. చేత్తో బిగించే అలవాటున్నవాళ్లకు ఇది మరీ తక్కువ అనిపిస్తుంది. స్పానరు పిడి కొసన కాకుండా తల దగ్గర పట్టుకుని రెండు వేళ్లతో తిప్పితే వచ్చేంత బిగువు. మధ్య నుంచి రెండు కొసలకూ వెళ్తూ, రెండు విడతల్లో బిగించాలి. ఇంజన్ ఒకసారి బాగా వేడెక్కి చల్లారాక మళ్లీ చూసుకోవచ్చు, కానీ ఆ అంకె దాటకూడదు. ఇంకో ట్యూబు కొనే డబ్బుకు కొంచెం కలిపి చిన్న టార్క్ రెంచి కొనుక్కుంటే అంతకు మించిన మందు లేదు.

సంపు ముందు, వెనుక మెయిన్ బేరింగ్ క్యాపుల దగ్గర కార్క్ పట్టీలు విడిగా వస్తాయి. వాటి కొసలు సంపు ముఖం కంటే సుమారు 1.5 మి.మీ. పైకి లేచి ఉండాలి. సంపు బిగిసినప్పుడు ఆ ఎత్తే నొక్కుకుని మూలల్ని మూస్తుంది. చక్కగా కనిపించాలని బ్లేడుతో సమంగా కోసేస్తే మూలలో సందు మిగిలిపోతుంది. పట్టీ, ప్యాకింగు కలిసే నాలుగు మూలల్లో పెసరగింజంత సిలికాన్ పెట్టొచ్చు. సంపులో సిలికాన్‌కు చోటు అంతవరకే.

ట్యాపెట్ డోర్ల గురించి కాస్త ఎక్కువే చెప్పాలి, ఎందుకంటే రియర్ మెయిన్ లీకు, అంటే క్రాంకు వెనుక బేరింగు దగ్గరి లీకు, అని పేరు పడి విప్పే ఇంజన్లలో దొంగ చాలాసార్లు ఇక్కడే దొరుకుతాడు. బ్లాకు ఎడమ పక్కన, మేనిఫోల్డు కింద, రెండు రేకు తలుపులు. ఒక్కో తలుపుకు మధ్యలో ఒకే బోల్టు. కారుతోందని బోల్టు ఇంకొంచెం తిప్పితే రేకు మధ్యలో లోపలికి కుంగుతుంది, అంచులు పైకి లేస్తాయి, లీకు పెరుగుతుంది. మళ్లీ తిప్పుతారు, మళ్లీ పెరుగుతుంది. దీనికి చెప్పిన బిగువు 2 పౌండు-అడుగులే, 3 న్యూటన్ మీటర్లు కూడా లేదు. తలుపును తీసి, మధ్య కుంగును వెనక నుంచి తట్టి, అంచుల్ని అద్దం మీద చూసి సరిచేయాలి. కార్క్‌ను తలుపు వైపు జిగురుతో అతికించి, బ్లాకు వైపు పల్చగా గ్రీజు రాసి కూర్చోబెట్టాలి. బోల్టు కింద ఉండే సీలింగు వాషరు గట్టిపడి ఉంటే మార్చాలి, లేకపోతే ఆయిల్ బోల్టు వెంబడే వస్తుంది. వెనుక తలుపు నుంచి కారిన ఆయిల్ బ్లాకు వెంట జారి, బ్యాక్ ప్లేటు పట్టుకుని, బెల్‌హౌసింగ్ (ఇంజన్‌కూ గేర్‌బాక్సుకూ మధ్య క్లచ్చు ఉండే గుల్ల) అడుగున చుక్కగా వేలాడుతుంది. కింద పడుకుని చూసేవారికి అది అచ్చం క్రాంకు వెనుక లీకే. ఇంజన్ బండిలో ఉండగా ఈ తలుపు తీయాలంటే కార్బొరేటర్లు, మేనిఫోల్డు దించాలి. అందుకే ఇంజన్ ఎక్కించక ముందే ఈ పని తృప్తిగా చేసుకోవాలి.

ఇలాగే మోసం చేసేవి ఇంకో రెండున్నాయి. ఎడమ పక్క వెనుక భాగంలో ఆయిల్ ప్రెజర్ రిలీఫ్ వాల్వు మీద గుండ్రటి టోపీ నట్టు ఉంటుంది, దాని కింద రెండు ఫైబర్ వాషర్లు. పాతవి మళ్లీ వాడితే చెమ్మగిల్లి కారుతుంది. ఆయిల్ గేజీ పైపు జాయింటు మరోటి. రాగి వాషరు కొత్తది లేకపోతే పాతదాన్ని ఎర్రగా కాల్చి నీళ్లలో ముంచితే మెత్తబడి మళ్లీ కూర్చుంటుంది. అంబాసిడర్ బ్లాకు వాడిన ఎంజీఏల్లో ఇంకో చోటు కూడా చూడాలి. అంబాసిడర్‌కు ఫ్యూయల్ పంపు ఇంజన్ మీదే ఉంటుంది, ఎంజీఏకు ఎలక్ట్రిక్ పంపు బండి వెనుక ఉంటుంది. కాబట్టి బ్లాకు మీద పంపు చోటును మూత పలకతో మూస్తారు. పల్చటి రేకు ముక్కతో మూస్తే అది వంగి కారుతుంది. 5 మి.మీ. పలక కోయించి వేస్తే మళ్లీ చూడక్కర్లేదు.

ఆయిల్ ఫిల్టరు మార్చినప్పుడు పాత రబ్బరు రింగు గాడిలోనే నల్లగా అతుక్కుపోయి, అదే గాడి అడుగు అన్నట్టు కనిపిస్తుంది. దాని మీద కొత్త రింగు వేస్తే రెండూ కలిసి పక్కకు జారతాయి, నిమిషాల్లో ఆయిలంతా రోడ్డు మీద ఉంటుంది. పిన్నీసుతో గీకి చూడకుండా కొత్త రింగు వేయకూడదు.

ముందు వైపు టైమింగ్ కవరు సీలు సెట్టులో వస్తుంది. పాత కవర్లకు ఫెల్టు, తర్వాతి కవర్లకు రబ్బరు పెదవి ఉన్న సీలు. కవరుకు తగ్గ ఆయిల్ త్రోయర్ (క్రాంకు మీద తిరుగుతూ ఆయిల్‌ను సీలుకు దూరంగా విసిరే రేకు బిళ్ల) ఉండాలి, ఒక దానిది ఇంకోదానికి వేస్తే సీలు మీదికే ఆయిల్ చిమ్ముతుంది. ఎఫ్ అక్షరం ఉన్న త్రోయర్‌కు ఆ ముఖం ముందుకు ఉండాలి. అన్నిటికంటే ముఖ్యం, కవరు బోల్టులు వదులుగా ఉంచి, సీలుకు ఆయిల్ రాసి, పుల్లీని క్రాంకు మీదికి నెట్టి, ఆ తర్వాత బోల్టులు బిగించాలి. అప్పుడే సీలు పుల్లీ చుట్టూ సమంగా నిలుస్తుంది. పుల్లీ మెడ మీద గోరు తగిలేంత గాడి పడి ఉంటే ఎంత మంచి సీలైనా ఆగదు. లేత్ వర్క్స్‌లో పల్చటి స్లీవు వేయించాలి.

ఇక వెనుక భాగం. ఈ సెట్టులో దానికి ఏమీ ఉండదు, ఉండకపోవడం షాపువాడి తప్పూ కాదు, సెట్టు తప్పూ కాదు. మూడు మెయిన్ బేరింగుల బీ-సిరీస్‌లో క్రాంకు వెనుక రబ్బరు సీలే లేదు. క్రాంకు కొసన స్క్రూ మర లాగా చెక్కిన గాడి ఉంటుంది. రైస్ మిల్లులో ధాన్యాన్ని ముందుకు నెట్టే స్క్రూ కన్వేయర్ లాగా, ఇంజన్ తిరిగేటప్పుడు ఆ గాడి ఆయిల్‌ను తోడి లోపలికి నెట్టేస్తుంది. గాడికీ చుట్టూ ఉన్న రంధ్రానికీ మధ్య సందు దాదాపు తలవెంట్రుక మందం. రబ్బరు సీలు 1964 చివర్లో, ఎంజీఏ తర్వాత వచ్చిన ఎంజీబీ కారుకు ఐదు బేరింగుల ఇంజన్ వచ్చినప్పుడు చేరింది. ఆ సీలు ఈ ఇంజన్‌కు పట్టదు.

ఇంజన్ ఆగగానే ఈ మర పని కూడా ఆగుతుంది. కాబట్టి ఏటిగట్టు మీదికి ఎక్కే ర్యాంపు మీద ముక్కు పైకి పెట్టి బండి ఆపితే వెనుక చుక్క పడటం సహజం. చదునైన నేల మీద రాత్రికి రెండు మూడు చుక్కలైతే దాన్ని జబ్బు అనుకోకూడదు. ఇంజన్ తిరుగుతుండగా ధారగా వస్తే అది జబ్బే, దానికి కారణాలు వెతకాలి. మెయిన్ బేరింగుల లైన్ బోరింగ్ చేయించినప్పుడు క్రాంకు కొద్దిగా పైకి జరిగితే మర రంధ్రం మధ్యలో ఉండదు. ఒక పక్క రాసుకునేంత బిగువు, ఎదుటి పక్క వదులు. సన్నటి ఫీలర్ గేజీతో చుట్టూ చూస్తే తెలిసిపోతుంది. క్రాంకు మెరిసేలా ఉండాలని మర అంచుల్ని ఎమరీ కాగితంతో రుద్దితే అంచు గుండ్రబడి తోడే శక్తి పోతుంది. లేత్ మేస్త్రీకి క్రాంకు ఇచ్చేటప్పుడే మర మీద చెయ్యి వేయొద్దని చెప్పాలి. వెనుక క్యాపు నుంచి సంపులోకి దిగే సన్నటి డ్రెయిన్ గొట్టంలో మసి గడ్డకట్టి ఉంటే, తోడిన ఆయిల్ దిగే దారి లేక బయటికే వస్తుంది. క్యాపు బ్లాకును ఆనే చదును ముఖాల మీద గట్టిపడని జాయింటింగ్ కాంపౌండు పల్చటి పొరగా రాయాలి. ఇది మరిచిపోయి క్యాపు బిగిస్తే మళ్లీ ఇంజన్ దించేదాకా ఏమీ చేయలేం.

ఈ మరను తీసేసి రబ్బరు సీలు పెట్టే కిట్లు విదేశాల్లో అమ్ముతారు. కొన్నింటికి మర భాగాన్ని గ్రైండింగ్‌తో నున్నగా చేయాలి. ఒకసారి చేశాక వెనక్కి రావడం ఉండదు. మిగతావన్నీ సరిచూశాక కూడా ధార ఆగకపోతేనే అటు చూడటం మంచిది.

ఇవన్నీ సరిగ్గా ఉన్నా కారే ఇంజన్‌లో క్రాంక్‌కేసు ఊపిరి ఆడుతుందో లేదో చూడాలి. ముందు ట్యాపెట్ డోరు నుంచి కిందికి దిగే గొట్టం, హెడ్ కవర్ నుంచి ఎయిర్ క్లీనరుకు వెళ్లే హోసు, ఈ రెండే దారులు. డోరు లోపలి పొరలో మసి పేరుకుంటే గాలి ఆగుతుంది. కొత్త ఎయిర్ క్లీనరుకు హోసు తగిలించే చోటు లేక ఎవరో మూత బిగించేసినా అంతే. అప్పుడు లోపలి ఒత్తిడి ఎక్కడ సందు దొరికితే అక్కడి నుంచి ఆయిల్‌ను నెడుతుంది. పరీక్ష చాలా తేలిక. ఇంజన్ వేడిగా, ఐడిలింగ్‌లో ఉండగా ఆయిల్ పోసే మూత తీసి, ఆ నోటికి కూరగాయలకిచ్చే పల్చటి పాలిథీన్ కవరు కప్పి రబ్బరు బ్యాండు వేయాలి. కవరు లోపలికి పీల్చుకుని నోటికి అతుక్కుంటే మంచిది. నెమ్మదిగా ఉబ్బి బుడగలా నిలిస్తే దారి మూసుకుపోయింది, లేదా కొత్త రింగులు ఇంకా బోరుకు సర్దుకోలేదు. రింగులు సర్దుకోవాలంటే మొదటి కొన్ని వందల కిలోమీటర్లు మామూలు మినరల్ 20డబ్ల్యూ-50 ఆయిల్‌తో, లోడు పెడుతూ వదులుతూ నడపాలి. బోరింగ్ అయిన వెంటనే ఖరీదైన సింథటిక్ పోసి, ఇంటి ముందే ఐడిలింగ్‌లో గంటలు తిప్పితే బోరు నున్నబడి రింగులు ఎప్పటికీ కూర్చోవు.

ఆయిల్ ఎక్కువ పోసినా ఇదే బాధ. ఎంజీఏకు ఫిల్టరుతో కలిపి దాదాపు 4.5 లీటర్లు పడుతుంది. ఇంజనో, సంపో, కడ్డీనో మారిన బండ్లలో పాత డిప్‌స్టిక్ గుర్తును నమ్మొద్దు. కొలిచి పోసి, కడ్డీ మీద కొత్త గుర్తు పెట్టుకోవాలి.

ఇప్పుడు ట్యూబుల సంగతి. బూడిద రంగు ఆర్‌టీవీ (మామూలు వేడిమిలోనే గట్టిపడే) సిలికాన్ మంచి సరుకే, కానీ అది గాలిలోని తేమతో గట్టిపడుతుంది. కోనసీమలో శ్రావణ మాసపు ఉక్కలో సంపు చుట్టూ గీత గీసి మొదటి మూలకు తిరిగొచ్చేసరికి అక్కడ పొర కట్టేస్తుంది. ఆ పొర మీద నొక్కితే అంటుకోదు. దాన్ని గమనించక ఇంకా లావుగా పూస్తారు. లోపలికి పొంగిన సిలికాన్ వేడి ఆయిల్‌లో ఊడి, సేమియా ముక్కల్లా సంపులో తేలి, పంపు జాలికి అడ్డం పడుతుంది. ఆయిల్ ప్రెజర్ తగ్గిందని సంపు దించితే జాలి నిండా బూడిద రంగు పోగులే కనిపిస్తాయి. కొత్త బేరింగులకు ఇంతకంటే ప్రమాదం లేదు. పులిసిన వెనిగర్ వాసన వచ్చే సిలికాన్ అసలే వద్దు, అది లోహాన్ని తింటుంది. సెన్సర్లకు హాని చేయదని రాసి ఉండే, వాసన తక్కువ రకం తీసుకుని, చెప్పిన మూలలకే వాడి, ఒక రోజు ఆరనిచ్చాకే ఆయిల్ పోయాలి.

ఎర్రటి అనేరోబిక్ ఫ్లాంజ్ సీలెంటు అల్యూమినియం కేసుల ఇంజన్లకు ఎంతో బాగుంటుంది. గాలి తగలని చోట, లోహానికీ లోహానికీ మధ్యే అది గట్టిపడుతుంది. కార్క్ మీద, వంగే రేకు మీద తడిగానే ఉండిపోతుంది. ఈ ఇంజన్‌లో దానికి పెద్దగా పని లేదు, కొనక్కర్లేదు. మూలలకు చెప్పిన సిలికాన్ కాక కొనాల్సినవి రెండే: గట్టిపడని జాయింటింగ్ కాంపౌండు ఒక ట్యూబు, లోపలికి తెరుచుకునే రంధ్రాల బోల్టులకూ గ్యాలరీ ప్లగ్గులకూ (బ్లాకులోని ఆయిల్ దారుల్ని మూసే బిరడాలు) ద్రవరూప థ్రెడ్ సీలెంటు. కుళాయిలకు చుట్టే తెల్ల టేపు ఆయిల్ దారుల్లో వాడొద్దు. తెగిన పోగు ఒకటి వెళ్లి సన్నటి రంధ్రానికి అడ్డం పడితే చాలు.

ఏ ట్యూబైనా ముఖాలు పొడిగా ఉంటేనే పట్టుకుంటుంది. కిరోసిన్‌తో కడిగాక మిగిలే జిడ్డు కంటికి కనబడదు. థిన్నరుతో తుడిచి, చివరగా తెల్ల గుడ్డతో రుద్దితే గుడ్డ తెల్లగానే ఉండాలి.

ఇన్ని చెప్పినా, ఒక్క బోల్టూ విప్పక ముందు కొనాల్సింది ఆయిల్‌లో కలిపే ఫ్లోరసెంట్ డై, దానితో వచ్చే యూవీ టార్చి. సీసా మీద రాసినంతే కలపాలి. ఇంజన్‌ను బయట పూర్తిగా కడిగి ఆరబెట్టి, చదునైన చోట పదిహేను నిమిషాలు ఐడిలింగ్‌లో తిప్పి, రాత్రి చీకట్లో టార్చి వేసి పై నుంచి కిందికి చూడాలి. పసుపుపచ్చగా వెలిగే గీత మొదలయ్యే అత్యంత పై చోటే అసలు లీకు. నేరుగా రోడ్డు మీదికి తీసుకెళ్తే గాలికి ఆయిల్ వెనక్కి చెదిరి అన్నీ వెలుగుతాయి, ఏదీ తేలదు. ఎంజీఏ గేర్‌బాక్సులో కూడా కంపెనీ చెప్పింది ఇంజన్ ఆయిలే, కాబట్టి వాసన చూసి ఇంజన్‌దో గేర్‌బాక్సుదో తేల్చలేం. బెల్‌హౌసింగ్ అడుగు రంధ్రంలోని స్ప్లిట్ పిన్ను కదిలించి, వచ్చే చుక్క మీద టార్చి వేయాలి. వెలిగితే ఇంజన్ ఆయిల్. వెలగకపోతే ఇంజన్‌ను వదిలేసి గేర్‌బాక్సు ముందు కవరు విప్పండి.

ఐడిలింగ్ పరీక్షలో ఏమీ కనబడకపోతే రాజమండ్రి నుంచి హైవే మీద రావులపాలెం దాకా వెళ్లి వచ్చి, ఇంజన్ వేడి తగ్గక ముందే మళ్లీ టార్చి వేయాలి. ఆ పూట కూడా ట్యాపెట్ డోర్లు, రిలీఫ్ వాల్వు టోపీ పొడిగా ఉండి, పాలిథీన్ కవరు లోపలికే పీల్చుకుంటూ, బెల్‌హౌసింగ్ కింద మాత్రమే పచ్చగా వెలిగితే, అప్పుడు ఇంజన్ దించే మాట మాట్లాడొచ్చు.